అమ్మరాదు అన్న మాట

ఇద్దరం కలిసి ఒప్పుకున్న ఒక మాటను నేనొక్కదాన్నే మార్చాను. చట్టం పట్టించుకునే తప్పేమీ కాదది. దానివల్ల ఎవరి పొలమూ పోలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. అయినా ఆ తర్వాత చాలా కాలం ఎక్కడైనా మక్తల్ పేరు వినబడితే నా మనసు చిన్నబోయేది.

ఎనభైల చివర్లో మక్తల్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. అక్కడ ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. ఆ ఊరివారే, నాకంటే పాతికేళ్లు పెద్ద. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. బడి గోడల మీద, పంచాయతీ ఆఫీసు బోర్డు మీద, వేరుశనగ దుకాణాల తలుపుల మీద ఉన్న తెలుగు అక్షరాలన్నీ ఆయన చేతివే. పరీక్షలు వస్తే ప్రశ్నపత్రాలు కూడా ఆయనే రాయాలి. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనుప కలంతో ఒక్కో అక్షరం గీకేవారు. ఆ కాగితాన్ని సైక్లోస్టైల్ యంత్రానికి చుట్టి, సిరా పూసి తిప్పితే కాపీలు వచ్చేవి. ఏ సబ్జెక్టు టీచరైనా చివరి రోజున కాగితం పట్టుకొచ్చి ఆయన ముందు నిలబడేవారు. ఆయన విసుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు.

మూడు నాలుగేళ్ల తర్వాత పెళ్లయింది. మా ఆయన నల్లగొండలో కరెంటు ఆఫీసులో పనిచేసేవారు కాబట్టి నేను కూడా అక్కడికే బదిలీ చేయించుకున్నాను. ఆ వేసవిలో లెక్కల టీచర్లకు హైదరాబాదులో కంప్యూటరు తరగతులు పెట్టారు. పది రోజులు పోయి వచ్చాక నాకు ఆ పిచ్చి పట్టుకుంది. ఒక ఆఫీసు వాళ్లు తీసేసిన పాత కంప్యూటరు, దానితో పాటు సూదులతో చుక్కలు గుచ్చి అచ్చువేసే ప్రింటరు కొని ఇంటికి తెచ్చుకున్నాం. అందులో ఇంగ్లిషు తప్ప ఏమీ రాదు. మా బడిలోనూ ప్రశ్నపత్రాల తిప్పలు అవే. తెలుగులో ప్రశ్నపత్రం అచ్చువేసే ప్రోగ్రాం ఎందుకు రాయకూడదనిపించింది. ప్రోగ్రాం రాయడం నేను నేర్చుకోగలను. అక్షరాలు గీయడం మాత్రం నా వల్ల కాదు. మక్తల్‌కు ఉత్తరం రాశాను.

జవాబు ఉత్తరం కాదు, కట్ట వచ్చింది. గ్రాఫు కాగితాల మీద నల్లగా నింపిన గళ్లు. ఒక్కో గడి ప్రింటరు గుచ్చే ఒక్కో చుక్క అని నేను రాసినదాన్ని ఆయన ఎంత బాగా అర్థం చేసుకున్నారో చూసి ఆశ్చర్యపోయాను. అప్పటికి ఆయన కంప్యూటరును కళ్లతో చూడలేదు. రెండేళ్లు అలా కాగితాలు మహబూబ్‌నగర్ మీదుగా పోస్టులో వస్తూ పోతూ ఉండేవి. మామూలు అక్షరాలు తొందరగానే అయిపోయాయి, ఒత్తులు ఏడిపించాయి. ‘రాష్ట్రం’ అన్న మాటలో ‘ష’ కింద రెండు ఒత్తులు పట్టాలి. మాకున్న జాగా ఎనిమిది చుక్కల ఎత్తు. ఆ ఒక్క మాటకు ఆయన పదకొండు బొమ్మలు పంపారు.

వేసవి సెలవుల్లో ఒకసారి ఆయన, ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. ఆవిడను నేను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచేదాన్ని. ప్రింటరు చప్పుడు చేసుకుంటూ ఒక ప్రశ్నపత్రం మొత్తం కక్కింది. మాస్టారు కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చాలాసేపు చూశారు. “జర వంకరొచ్చినయి గానీ, మన అక్షరాలే” అన్నారు. ఆపా నవ్వి, “ఇగ మీ చెయ్యికి సెలవు” అంది.

ఆ రోజే అసలు సంగతి వచ్చింది. అడిగిన టీచర్లకల్లా ఫ్లాపీలో ఎక్కించి ఇద్దామనుకున్నాం. ఎవరైనా సరిదిద్దుకోవాలన్నా, నేర్చుకోవాలన్నా వీలుగా మూలం కూడా, అంటే ప్రోగ్రాం కోసం నేను రాసిన ఆదేశాలన్నీ, అందులోనే పెడదామన్నాను. అలా ఇచ్చేటప్పుడు దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో ఒక కాగితం మీద రాసిపెట్టాలి. లైసెన్సు అంటే అంతే. నాకు తోచింది చెప్పాను: ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ తీసి ఇంకొకరికి ఇవ్వచ్చు.

“అమ్మరాదు అని గూడ రాయుండ్రి మేడం,” అన్నారాయన. “మార్చాలంటే మనిద్దరినీ అడగాలె.”

ఎందుకని అడిగితే ఒక కథ చెప్పారు. పెళ్లికాని రోజుల్లో, పెళ్లిపత్రికలకు అచ్చుదిమ్మలు చేసే ఒకాయన అడిగితే అక్షరమాల మొత్తం గీసి ఇచ్చారట. కొన్నేళ్లకు తన చెల్లెలి పెళ్లి పత్రికకు తనే స్వయంగా అక్షరాలు గీసి ప్రెస్సుకు తీసుకుపోతే, ప్రెస్సు యజమాని అది ఫలానావాళ్ల అక్షరం, మీరు నకలు కొట్టారు, వాళ్లను అడగకుండా వేయను అన్నాడట.

“నా అక్షరం నేను రాసుకుంటే నకలైంది,” అన్నారు మాస్టారు. కోపంగా కాదు, ఇప్పటికీ అర్థం కాని విషయం చెబుతున్నట్లు.

నేను రాశాను. ‘ఇది ఉచితం. అమ్మరాదు. మార్చదలచినవారు మా ఇద్దరినీ అడగాలి.’ కింద ఇద్దరి పేర్లు.

నాలుగేళ్లు ఫ్లాపీలు తిరిగాయి. నల్లగొండ వైపు నేను, అటు నారాయణపేట, దేవరకద్ర వైపు మాస్టారు. ఆయన సెలవు రోజున సైకిలు మీద ఊళ్లలోని బడులకు పోయి ఇచ్చి వచ్చేవారు. ఎవరైనా ఏమైనా ఇవ్వబోతే తీసుకునేవారు కారు. ఒక్క చాయ్ తాగేవారు.

ఆ తర్వాత కొత్త రకం కంప్యూటర్లు వచ్చాయి. మా ప్రోగ్రాం వాటిలో సరిగా నడిచేది కాదు, తెర మీద ఒత్తులు చెదిరిపోయేవి. నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. కూర్చుని మొత్తం మళ్లీ రాసే తీరిక ఎక్కడిది? అట్లాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు ఫోను చేశాడు. ఇంకా పాతికేళ్లు కూడా నిండనట్టుంది గొంతు. కొంతమంది స్నేహితులు కలిసి, ఎవరైనా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్లన్నీ పోగుచేసి సీడీల్లో ఇస్తున్నామన్నాడు.

“మీ ప్రోగ్రాం చూశాం మేడం. కొత్త కంప్యూటర్లలో నడిచేలా మేమే చేసి పెడతాం. కానీ మీ లైసెన్సుతో మేమేమీ చేయలేం. అమ్మకూడదన్నారు. సీడీ ఖర్చు తీసుకున్నా అమ్మినట్టే అవుతుంది కదా. మార్చాలంటే ప్రతిసారీ మిమ్మల్నిద్దరినీ అడగాలంటే ఎవరూ ముట్టుకోరు.”

“మరేం చెయ్యాలి?”

“లైసెన్సు మార్చండి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కావాలంటే అమ్ముకోవచ్చు. కానీ ఎవరికి ఇచ్చినా మూలం కూడా ఇవ్వాలి, అవే హక్కులు వాళ్లకూ ఇవ్వాలి, మీ పేర్లు తీసేయకూడదు.”

ఆ మాటలు నాకు నచ్చాయి. మార్చకపోతే ఆ పని నాతోనే ముసలిదై పోతుందనిపించింది. అయితే అక్షరాలు మాస్టారివి. ఆయన ఒప్పుకోవాలి.

శనివారం సగం పూట సెలవు పెట్టి బయల్దేరాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్. అక్కణ్నుంచి రాయచూరు బస్సు. రాత్రికి మక్తల్‌లో పాత తోటి టీచరు ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున మాస్టారి ఇంటికి పోయాను. ఆపా జొన్నరొట్టె పెట్టింది. “రాకరాక వస్తివి టీచరమ్మా, నిమ్మళంగ తిను” అంది. నేను తింటూనే అంతా చెప్పాను. ఎన్ని గంటలు బస్సులో కూర్చుని ఆ మాటలు పేర్చుకున్నానో, అన్నీ ఒక్క దమ్ములో చెప్పేశాను.

మాస్టారు అడ్డురాకుండా విన్నారు. తర్వాత, “అమ్ముకునే హక్కు అందరికి ఇచ్చుడంటే మనం ఇచ్చినట్లా మేడం, ఇడిచిపెట్టినట్లా?” అన్నారు.

“ఇడిచిపెట్టుడు కాదు సార్. తీసుకున్నోళ్లు కూడ ఏం దాచిపెట్టొద్దు, గట్లనే అందరికి ఇయ్యాలె. గది షరతు.”

“షరతు పెడితిమి, మంచిదే. చూసేదెవరు? నల్లగొండల మీరు, మక్తల్ల నేను. పట్నంల ఎవడేం అమ్ముతున్నడో మనకెట్ల ఎర్క?”

“మారిస్తేనే బతుకుతది సార్. నాతోని ఒక్కదానితోని అయితలేదు” అన్నాను.

“బతకకుంటే పోనియ్యుండ్రి. స్టెన్సిల్ పోలేదా? మనం ఉన్నన్ని దినాలు పనికొచ్చింది, చాలు.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయనకు అది ఒక పని, అయిపోయిన పని. నాకు అది నా జీవితంలో నాకోసం చేసుకున్న ఒకే ఒక్కటి. కానీ ఆ సంగతి ఆయనకు చెప్పలేకపోయాను. ఆపా మా ఇద్దరి ముఖాలు చూసి, “ఆమె గంత దూరంకెళ్లి వచ్చింది, జర ఆలోచన చెయ్యుండ్రి” అంది.

“ఆలోచన చేసే చెప్తున్న. నేను ఒద్దంటున్న,” అన్నారు మాస్టారు. వెంటనే గొంతు తగ్గించి, “మీరు మనసుల పెట్టుకోకుండ్రి మేడం” అన్నారు. బస్సు దాకా వచ్చి సీటు పట్టి ఇచ్చారు.

ఇంజనీరుకు ఫోను చేసి కాదన్నారని చెప్పాను. అతను, “అయితే ఆయన భాగం తీసేయండి మేడం. అక్షరాలు మీరే కొత్తగా గీయండి. అప్పుడు ఆయన అనుమతి అక్కర్లేదు” అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో అంత తేలిగ్గా నేను ఒప్పుకున్నాను.

మా ఆయన మాత్రం, “వద్దన్నడు గదా, ఇంకెందుకు?” అన్నారు.

“ఆయన అక్షరాలు నేను వాడుతలేను” అన్నాను.

రోజూ పొద్దున పిల్లలు లేవకముందు గీసుకునేదాన్ని. మాస్టారు పంపిన కాగితాలన్నీ కట్టకట్టి బీరువా పైన పెట్టాను. చూడకుండా గీస్తే అది నా గీత అవుతుందని నా లెక్క. కానీ ఆరేడేళ్లు ఆ గళ్లనే చూసి చూసి, మంచి ‘క’ అంటే ఏమిటో, ఒత్తు ఎక్కడ కూర్చోవాలో నా కంటికి నేర్పిందే ఆయన. నేను వేరేగా గీయాలని ప్రయత్నించినప్పుడల్లా అక్షరం చెడిపోయేది. బాగుచేస్తూ బాగుచేస్తూ పోతే మళ్లీ ఆయన అక్షరం దగ్గరికే వచ్చి ఆగేది. అది నాకు తెలుస్తూనే ఉంది. ఆరు వారాల్లో దాదాపు నాలుగు వందల బొమ్మలు పూర్తయ్యాయి.

ఆయనకు ఉత్తరం రాయాలని రోజూ అనుకున్నాను. దసరా సెలవుల్లో పోయి స్వయంగా చెబుదామని వాయిదా వేశాను. సెలవుల్లో పోలేదు. ‘అమ్మరాదు’ అన్న వాక్యం తీసేసి, ఇంజనీరు పంపిన కొత్త లైసెన్సు పెట్టి, అంతా హైదరాబాదుకు పంపేశాను. అందులో ఒక్కటి మాత్రం కృతజ్ఞతగా చేశాననుకున్నాను. ప్రోగ్రాం తెరవగానే కనబడే చోట నా పేరు కింద ‘అక్షరాల తొలి రూపం’ అని రాసి మాస్టారి పేరు, మక్తల్ అని పెట్టాను.

సీడీ వచ్చింది. ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో చక్కగా నడిచింది. ఆ కుర్రవాళ్లు మాట నిలబెట్టుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో టీచర్లు ఉత్తరాలు రాశారు. నాలుగైదు నెలలు నేను సంతోషంగానే ఉన్నాను.

వేసవి మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం మాస్టారు చెప్పాపెట్టకుండా మా గుమ్మంలో నిలబడ్డారు. ఎండకు ముఖం నల్లబడి ఉంది. మంచినీళ్లు తాగాక సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఒక ప్రైవేటు బడి ప్రశ్నపత్రం.

“ఈ ‘రాష్ట్రం’ నాది మేడం” అన్నారు.

“నేనే మళ్లా గీసిన సార్. మీ కాగితాలు ముట్టుకోలేదు.”

“మీరే గీసిండ్రు, కాదనను. నేను జూపిచ్చినట్లే గీసిండ్రు.” ఆయన వేలు ఆ ఒత్తుల కింద ఆగింది. “దానికి నేను రాలే. ఇంకో ముచ్చటకొచ్చిన.”

పట్నంలో ఒక దుకాణం వాళ్లు మా ప్రోగ్రాంను డబ్బాలో పెట్టి, పైన రంగుల అట్ట వేసి, ప్రైవేటు బడులకు అమ్ముతున్నారట. కొత్త లైసెన్సు ప్రకారం అది తప్పు కాదు. మక్తల్‌లో రెండు బడుల వాళ్లు కొన్నారు. ప్రోగ్రాం తెరవగానే మాస్టారి పేరు కనబడింది.

“నిన్నమొన్నటి దాక సైకిలేసుకుని పోయి ఫుకట్‌గ ఇచ్చినోణ్ని. ఇప్పుడు బజార్ల అడుగుతున్నరు, ఎంతకమ్మినవు సారూ అని. నవ్వుకుంటనే అడుగుతున్నరు. నేనేం జెప్పాలె?”

ఆయన ప్రశ్నపత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు.

“నా పేరు తీసెయ్యుండ్రి మేడం. నాకు గదొక్కటే కావాలె.”

“నా దగ్గరున్న దాంట్ల తీసేస్త సార్. కానీ బయటికి పోయినవి…” చెప్పక తప్పలేదు. “పేర్లు తియ్యొద్దని లైసెన్సుల ఉన్నది. ఆళ్లు తియ్యరు. ఒకసారి ఇచ్చినంక నేను ఎనుకకు తీసుకోరాదు.”

“మీరు రాసిన కాయితమే గదా?”

“నేను సంతకం పెట్టిన కాయితమే.”

“నన్ను అడిగిండ్రు. నేను ఒద్దన్న. నా మాటకు ఇలువ లేకుంటే అడుగుడెందుకు?” అన్నారాయన. గొంతు లేవలేదు. అరిచి ఉంటే నాకు సులువయ్యేది. నేను ఏడ్చాను. ఆయన ఇబ్బందిపడి కిటికీ వైపు తిరిగారు. మా ఆయన భోజనానికి పిలిస్తే, ఆకలి లేదని సాయంత్రం బస్సుకు పోయారు.

ఆ వారమంతా పని చేయబుద్ధి కాలేదు. తర్వాత కూర్చుని ఒక వివరణ రాశాను. అక్షరాలు మొదట గీసినది మక్తల్ డ్రాయింగు మాస్టారని, లైసెన్సు మార్చడానికి ఆయన ఒప్పుకోలేదని, నేనే మార్చానని, అమ్మకాల్లో ఆయనకు ఏ సంబంధమూ లేదని, ఆయనకు ఒక్క పైసా రాలేదని. మాస్టారికి పోస్టులో పంపించి, ఇది ప్రోగ్రాంలో పెట్టమంటారా, లేక పేరే తీసేయమంటారా అని అడిగాను. ఈసారి జవాబు వచ్చేదాకా ఏమీ చేయలేదు. నెల పట్టింది. నా కాగితమే తిరిగి వచ్చింది. ‘ఒక్క పైసా రాలేదు’ అన్న వాక్యాన్ని కొట్టేశారు. కింద తన అందమైన చేతిరాతలో ఒక్క ముక్క రాశారు: ‘పైసల మాట వద్దు. నేను ఒప్పుకోలేదని ఉంటే చాలు.’

అట్లాగే పెట్టాను. ఇంజనీరు తర్వాతి సీడీలో దాన్ని చేర్చాడు. పట్నం దుకాణానికి కూడా రాశాను, జవాబు లేదు. మక్తల్‌లో ఉన్న రెండు బడులకు నేనే పోయి, హెడ్మాస్టర్లకు ఆ కాగితం చూపించి, మాస్టారు ఏమీ అమ్మలేదని చెప్పి వచ్చాను. ఒకాయన, “మేము ఉత్తగనే పరాచికాలాడినం మేడం” అన్నాడు. ఆ రోజు మాస్టారి ఇంటికి పోవడానికి ధైర్యం చాలలేదు.

నేను చేసిన మార్పు వల్ల చెడే జరిగిందని కూడా అనలేను. అమ్రాబాద్ అడవి వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసే టీచరు ఆ ప్రోగ్రాంను తనే మార్చుకున్నాడు. చిన్న పిల్లలు చూసి దిద్దుకోవడానికి జానెడు ఎత్తున అక్షరాలు అచ్చువేసేలా చేశాడు. నన్ను అడగలేదు, అడగాల్సిన అవసరమూ లేదు. చేసిన తర్వాత ఒక కట్ట పంపి, బాగుందా మేడం అని రాశాడు. పాత షరతే ఉంటే అతను ఆ పని మొదలుపెట్టేవాడు కాదు.

ఆ మరుసటి ఏడు మాస్టారు రిటైరయ్యారు. పిలుపు ఆపా పేరున వచ్చింది. పోయాను. బడి ఆవరణలో టెంటు, శాలువాలు, ప్రసంగాలు. అంతా అయ్యాక ఇంటి దగ్గర, అమ్రాబాద్ నుంచి వచ్చిన కాగితాలు ఆయన చేతికిచ్చి సంగతి చెప్పాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పారు. జానెడు ‘అ’, జానెడు ‘ఆ’. ఒక చోట ‘ఖ’ పొట్ట మీద వేలు పెట్టి, “ఇక్కడ జర సన్నం చేయాలె, పిలగానికి చెప్పుండ్రి” అన్నారు. నా గుండె తేలికపడింది.

“మంచి పనే చేసిండు మేడం,” అన్నారు కాగితాలు మడుస్తూ. “అయినా ఇయ్యాల మీరు మళ్ల వచ్చి అడిగితే, నేను మళ్ల ఒద్దనే అంట.”

“తెలుసు సార్” అన్నాను.

ఆపా లోపల్నుంచి అన్నానికి లెమ్మని పిలిచింది. ఆ తర్వాత ఆయన నాకు ఉత్తరాలు రాయలేదు. పండగకు ఆపా పేరు మీద ఒక కార్డు వచ్చేది. నేను జవాబు ఇద్దరికీ కలిపి రాసేదాన్ని.